గేటు గోడ మీది నంబరు

వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాసి పంపమని వార్డెన్ సార్ కబురు పెట్టినప్పుడు మేము చాలాసేపు ఆలోచించాము. కవితలు రాసే చెయ్యి మాది కాదు. హాస్టల్ జీవితం గురించి మాకంటే ముందు చదివిన అన్నలూ అక్కలూ చాలా బాగా రాశారు. అందుకే మేము ఈ వేసవిలో చేసిన ఒక పని గురించి రాస్తున్నాము. ఇది ఫోన్ల కథ. చేతిలో పట్టుకు తిరిగే ఫోన్లు కాదు, గోడ పక్కన బల్ల మీద కూర్చుని ట్రింగుమని మోగే ఫోన్లు.

మేము ఇద్దరము. ఇద్దరిదీ ముదిగుబ్బ మండలమే. పదో తరగతి దాకా ఈ హాస్టల్ అన్నం తిన్నవాళ్ళమే. ఇద్దరి ఇళ్ళలోనూ డిగ్రీ పట్టా అందుకున్న మొదటి మనుషులం మేమే. ఎమ్మెస్సీ ఎలక్ట్రానిక్స్ ఈ ఏడాది పూర్తయింది. ఇరవై మూడేళ్ళు వచ్చాయి. పని కలిసి చేశాము కాబట్టి వ్యాసం కూడా కలిసే రాస్తున్నాము. ఇందులో ఎవరి వాటా ఎంత అని విడదీసి చెప్పడం మాకు రాదు.

ముదిగుబ్బ సంగతి ఈ పత్రిక చదివేవాళ్ళకు కొత్తగా చెప్పాల్సిన పని లేదు. ఏడాదికి సగటున సుమారు 550 మిల్లీమీటర్ల వాన పడే పీఠభూమి మనది. 2022 ఏప్రిల్ 4 నుంచి మన మండలం శ్రీ సత్యసాయి జిల్లాలోకి వచ్చింది. జిల్లా పేరు మారింది గానీ శెనక్కాయ చేను వాన కోసం ఎదురుచూడటం మారలేదు. పంట ఎండిన ఏడు అమ్మానాయనలు బెంగుళూరు బస్సెక్కుతారు. పిల్లలు హాస్టళ్ళలో ఉంటారు. ఆ ఇద్దరికీ మధ్య ఉండేది ఒక్క ఫోను. మేము చదువుకునే రోజుల్లో ఆదివారం సాయంత్రమైతే వార్డెన్ సార్ గది ముందు వరసగా కూర్చునేవాళ్ళము. మన పేరు పిలిస్తే పండగ. పిలవకపోతే ఆ రాత్రి సంగటి ముద్ద గొంతు దిగేది కాదు. ఈ మాట చదువుతున్న తమ్ముళ్ళకు, చెల్లెళ్ళకు వేరే వివరణ అక్కర్లేదు.

మేము పని చేసిన చోటు మన హాస్టల్ కాదు. మన ప్రాంతంలోనే ఉన్న ఒక ఆశ్రమ విద్యాలయం. పేరు రాయడం లేదు. అక్కడ ఆఫీసు, బాలికల బ్లాకు, బాలుర బ్లాకు, వంటశాల, వైద్య గది, గేటు దగ్గర వాచ్‌మన్ గది ఉన్నాయి. పిల్లల దగ్గర సెల్‌ఫోన్లు ఉండకూడదన్నది నియమం. అందుకని ఇరవై ఏళ్ళ కిందటే ఆవరణంతా తీగలు లాగి ఈపీఏబీఎక్స్ అనే పెట్టెను ఆఫీసు గోడకు బిగించారు. అది ఆవరణకు సొంత చిన్న ఎక్స్ఛేంజీ. బయటి నుంచి 4 లైన్లు వస్తాయి, వాటిని ట్రంకులంటారు. లోపల 32 ఫోన్లుంటాయి, అవి ఎక్స్‌టెన్షన్లు. నాలుగు లైన్లకూ కలిపి తల్లిదండ్రులకు తెలిసినది ఒకే నంబరు. గేటు గోడ మీద నీలం రంగుతో పెద్దగా రాసి ఉంటుంది. ఆ నంబరు ఎన్ని బీడీ కట్టల అట్టల మీద, ఎన్ని రేషన్ కార్డుల వెనక రాసి ఉందో లెక్క లేదు.

రోడ్డు వెడల్పు చేసే పనుల్లో నేలలోని రాగి కేబుల్ తెగింది. అతికించారు, మళ్ళీ తెగింది. మూడోసారి ఎవరూ అతికించలేదు. రాగి కాలం అయిపోయింది, ఫైబర్ పెట్టించుకోండి అన్నారు. ఫైబర్ వచ్చింది. కంప్యూటర్ గదికి ఇంటర్నెట్ వచ్చింది. పాత పెట్టె మాత్రం మూగబోయింది. నెలన్నర పాటు ఆ నంబరుకు ఎవరు చేసినా పలకలేదు.

యాజమాన్యం ముందు రెండు సలహాలున్నాయి. ఒకటి, పాత పెట్టెనూ 32 ఫోన్లనూ తీసేసి, ప్రతి గదికీ కొత్త కేబుల్ లాగి ఐపీ ఫోన్లు పెట్టడం. ఫోన్లకే లక్ష దాటుతుంది, కేబులు ఖర్చు వేరే. రెండు, ఫోన్లన్నీ ఎత్తేసి ఆఫీసులో ఒక సెల్‌ఫోన్ ఉంచడం. డబ్బు లేదు కాబట్టి రెండోదే ఖాయమయ్యేలా ఉంది. వినడానికి బాగానే ఉంటుంది. కానీ సెల్‌ఫోన్ ఒకరి జేబులో ఉంటుంది. ఆ మనిషి ఊరికి పోతే ఫోనూ పోతుంది. రాత్రి పదకొండు గంటలకు బాలికల బ్లాకులో ఒక పాపకు ఊపిరాడకపోతే, చీకట్లో ఆవరణ దాటి పోయి ఎవరి తలుపు తట్టాలి?

మా ప్రొఫెసర్ గారికి తెలిసినవారి ద్వారా ఈ సంగతి మా దాకా వచ్చింది. మూడో దారి ఒకటి ఉంది సార్ అన్నాము. పాత పెట్టె అట్లే ఉంటుంది, పాత ఫోన్లు అట్లే ఉంటాయి, పాత నంబరు అట్లే ఉంటుంది. ఫైబర్‌కూ ఆ పెట్టెకూ మధ్యన దుబాసీ లాంటి ఒక చిన్న పెట్టె పెడితే చాలు. దాని పేరు అనలాగ్ వాయిస్ గేట్‌వే. ఖర్చు మొదటి సలహాలో పదో వంతుకు అటూ ఇటూ. బడి తెరిచేలోగా పలికించండి, లేకపోతే తీసేస్తాము అన్నారు. మాకు పద్దెనిమిది రోజుల సమయం దొరికింది.

ఇక్కడ కొంచెం సాంకేతిక విషయం చెప్పాలి. ఓపిక పట్టండి, కష్టమేమీ కాదు.

పాత ఫోన్ లైను అంటే రెండు రాగి తీగలు. ఎక్స్ఛేంజీ ఆ తీగల మీద 48 వోల్టుల డీసీ పెట్టి ఉంచుతుంది. రిసీవర్ ఎత్తితే తీగల్లో కరెంటు పారుతుంది, వోల్టేజీ పది లోపుకు పడిపోతుంది. ఓహో, ఫోను ఎత్తారు అని ఎక్స్ఛేంజీకి తెలుస్తుంది. మనకు కాల్ వస్తే అదే తీగల మీద 75 వోల్టులకు అటూ ఇటూ ఏసీ, సెకనుకు 25 సార్లు ఊగేది, పంపి గంట మోగిస్తుంది. అప్పుడు తీగ ముట్టుకుంటే చెయ్యి జిల్లుమంటుంది. మాకు రెండుసార్లు అనుభవమైంది. ఫైబర్‌లో ఈ వోల్టులూ లేవు, గంటా లేదు. అక్కడ మాట ముక్కలు ముక్కలుగా, అంకెలుగా ప్రయాణిస్తుంది. కాల్ కలపమనీ తెంచమనీ చెప్పుకోవడానికి సిప్ అనే పద్ధతి ఉంది. 1999లో మొదటి ప్రమాణంగా వచ్చి, 2002లో ఇప్పటి రూపం తీసుకుంది. గేట్‌వే చేసే పని ఈ రెండు భాషల మధ్య తర్జుమా.

గేట్‌వేలలో రెండు రకాల రంధ్రాలుంటాయి. చూడటానికి ఒకేలా ఉంటాయి. ఒకదాన్ని ఎఫ్‌ఎక్స్‌ఎస్ అంటారు, రెండోదాన్ని ఎఫ్‌ఎక్స్‌ఓ అంటారు. మన మెస్సు లెక్కలో చెప్తాము. ఎఫ్‌ఎక్స్‌ఎస్ వడ్డించేవాడు. అది 48 వోల్టులు ఇస్తుంది, డయల్ టోన్ ఇస్తుంది, గంట మోగిస్తుంది. ఎఫ్‌ఎక్స్‌ఓ పళ్ళెం పట్టుకున్నవాడు. అది తీసుకుంటుంది. మామూలు ఫోనూ పళ్ళెం పట్టుకున్నదే. ఈపీఏబీఎక్స్ సంగతి వేరు. లోపలి ఫోన్ల వైపు అది వడ్డిస్తుంది, బయటి ట్రంకుల వైపు అది పళ్ళెం పడుతుంది. కాబట్టి దాని ట్రంకు రంధ్రాలకు గేట్‌వేలోని ఎఫ్‌ఎక్స్‌ఎస్ కలపాలి. ఎఫ్‌ఎక్స్‌ఓ కలిపితే ఇద్దరు పళ్ళేలు పట్టుకుని ఎదురెదురుగా నిలబడినట్టు. ఎంతసేపున్నా అన్నం రాదు. మాకు ముందు వచ్చి చూసిపోయిన ఒకరు తెచ్చిన గేట్‌వే ఆ రకందే. అది పలకలేదు కాబట్టే పాత పెట్టె చచ్చిపోయిందని చెప్పి పోయారు. పెట్టె చావలేదు. దానికి ఎవరూ వడ్డించలేదు, అంతే.

నాలుగు ఎఫ్‌ఎక్స్‌ఎస్ రంధ్రాలున్న గేట్‌వే తెప్పించాము. పాత నంబరునే ఫైబర్ మీదికి మార్పించి, ఒకే నంబరు మీద నాలుగు కాల్స్ ఒకేసారి నడిచే ఏర్పాటు చేయించాము. ఇక్కడ ఒక హెచ్చరిక. ఇంటర్నెట్ మీద మాటను మామూలు ఫోన్ లైన్లతో కలపడంలో మన దేశంలో చాలాకాలం కట్టుదిట్టాలున్నాయి. ఇంటర్నెట్ టెలిఫోనీకి పరిమితంగా అనుమతి వచ్చిందే 2002 ఏప్రిల్ 1న. లైసెన్సు ఉన్న సంస్థ ఇచ్చిన నంబరు మీదనే, ఆ సంస్థ ద్వారానే చెయ్యాలి. అడ్డదారిలో కాల్స్ మళ్ళించడం నేరం. తమ్ముళ్ళు ఈ పనిలోకి వస్తే ఈ మాట మరవకండి.

ఇక తీగల సంగతి. 32 ఫోన్ల తీగలూ ఆఫీసు గోడ మీద ఒక క్రోన్ మాడ్యూల్ దగ్గరికి వచ్చి చేరతాయి. ఏ జత ఏ గదిదో రాసిన కాగితం ఎప్పుడో చెదలు తిన్నది. అప్పుడు మాకు దొరికిన గురువు ఒక పాత లైన్‌మన్ మామ. 2020 జనవరి 31న బీఎస్ఎన్ఎల్‌లో స్వచ్ఛంద పదవీ విరమణ తీసుకున్న 78 వేల మందికి పైబడిన ఉద్యోగుల్లో ఆయన ఒకరు. పుస్తకంలో లేనివి ఆయన వేళ్ళల్లో ఉన్నాయి. జత పట్టుకుని, టెస్ట్ ఫోను తగిలించి, ఒకరు గదిలో రిసీవర్ ఎత్తితే ఇంకొకరు ఇక్కడ వోల్టేజీ చూడాలి. మాలో ఒకరు మండుటెండలో బ్లాకుల చుట్టూ తిరిగితే ఇంకొకరు మీటరు దగ్గర కూర్చున్నారు. మామ ఒక మాట అనేవాడు.

"తీగ అబద్ధం చెప్పదప్పా. నువ్వు అనుకోవద్దు. మీటరు పెట్టి అడుగు."

ఎమ్మెస్సీలో మాకు ఎంత చెప్పినా ఎక్కని పాఠం ఆ ఒక్క మాటతో ఎక్కింది. రెండు రోజుల్లో 32కి 29 జతలు దొరికాయి. మిగతా మూడు ఎలుకలు కొరికాయి, కొత్తవి లాగాము.

తీగలు కలిపిన సాయంత్రం డయల్ టోన్ వచ్చింది. ఆఫీసులో ఫోన్ల దగ్గర కూర్చునే అమ్మ ఒకామె ఉంది. ఇరవై ఏళ్ళుగా ఆమెదే ఆ కుర్చీ. రిసీవర్ చెవి దగ్గర పెట్టుకుని, "ఏమప్పా, ఇది నిజంగా పలుకుతాదా?" అంది. పలుకుతుందమ్మా అన్నాము. "పలికితే మేలప్పా. ఈ పిల్లోల్ల అమ్మానాయన్లు యాడాడి నుంచో చేస్తారు. ఈ నంబరు పోతే ఇంగో నంబరు వాళ్ళకు ఎవురు చెప్తారు?" అంది. ఆ మాటకు మా దగ్గర జవాబు లేదు.

అసలు కష్టాలు ఆ తర్వాత మొదలయ్యాయి.

మొదటిది, లైన్లు వదలకపోవడం. ఈ పెట్టెలో కాల్ రాగానే తెలుగులో పలికే ఒక కార్డు ఉంది. ఆఫీసుకు 1, బాలికల బ్లాకుకు 2 నొక్కండి అంటుంది. ఏమీ నొక్కకపోతే గేటుకు పోతుంది. చాలామంది తల్లిదండ్రులు ఆ గొంతు వినగానే కంగారుపడి పెట్టేస్తారు. అవతలివాళ్ళు పెట్టేసినా మా పెట్టెకు తెలియడం లేదు. లైను పట్టుకునే ఉంది. అలా పరీక్షించిన మొదటి సాయంత్రమే నాలుగు లైన్లూ బిగుసుకున్నాయి. ఐదో మనిషి చేస్తే ఎంగేజ్. లోపల ఎవరూ మాట్లాడటం లేదు, బయటివాళ్ళకు మాత్రం ఎప్పుడూ ఎంగేజ్. కూలి పని దిగి, చేతులు కడుక్కుని ఫోన్ చేసిన ఒక నాయనకు ఇది ఎంత బాధో మాకు తెలుసు.

కారణం ఇది. అవతలివాళ్ళు పెట్టేస్తే ఎక్స్ఛేంజీ బిజీ టోన్ పంపుతుంది. మన దేశంలో అది 400 హెర్ట్జ్ శబ్దం, ముప్పావు సెకను మోగి ముప్పావు సెకను ఆగుతుంది. మన పెట్టె ఆ తాళాన్ని వినే లైను వదిలేలా తయారైంది. గేట్‌వే మాత్రం అమెరికా టోన్లతో వచ్చింది. అక్కడ బిజీ టోన్ 480, 620 హెర్ట్జ్ రెండు శబ్దాలు కలిసి అర సెకను మోగి అర సెకను ఆగుతుంది. పాత పెట్టెకు అది ఎవరో పరాయి భాషలో పాడుతున్నట్టు వినిపించింది. గేట్‌వేలో దేశం భారత్ అని మార్చి, టోన్లను అంకెలతో సరిచూసి రాశాము. దాంతోపాటు అవతల కాల్ తెగగానే గేట్‌వే లైనులో కరెంటును ఒక్క క్షణం ఆపేలా పెట్టాము. టోను గుర్తించకపోయినా కరెంటు ఆగినది గుర్తించాలని. ఆ రాత్రి నుంచి లైన్లు వదలడం మొదలైంది.

రెండోది, బటన్లు నొక్కినా పలకకపోవడం. 2 నొక్కితే ఒకసారి పోతుంది, ఒకసారి పోదు. బటను నొక్కితే రెండు స్వరాలు కలిసి ఒక శబ్దం వస్తుంది. మాటను బాగా కుదించి పంపే పద్ధతిలో, సెకనుకు 8 వేల బిట్లలో, మనిషి మాట నిలుస్తుంది గానీ ఈ స్వరాలు చెడిపోతాయి. కుదించకుండా 64 వేల బిట్లలో పంపేలా మార్చాము. పైపెట్టెల బరువుతో కలిపి ఒక కాల్‌కు ఒక వైపు సుమారు 87 వేల బిట్లు. నాలుగు కాల్స్ కలిసినా మూడున్నర లక్షలు. ఫైబర్‌కు అది చీమ బరువు. పిసినారితనం అవసరం లేని చోట పిసినారితనం చేసి మాట చెడగొట్టుకోకూడదు.

మూడోది ప్రతిధ్వని. దూరంగా ఉన్న బాలికల బ్లాకులో మాట్లాడితే తమ మాట తమకే బావిలోంచి వచ్చినట్టు వినపడుతోంది. రెండు తీగల మీద పోయే మాటా వచ్చే మాటా కలిసే ఉంటాయి. వాటిని విడదీసే చోట కొంచెం వెనక్కి తన్నడం ఎప్పుడూ ఉండేదే. రాగి కాలంలో అది వెంటనే తిరిగి వచ్చేది కాబట్టి చెవికి తెలిసేది కాదు. ఇప్పుడు మాట ముక్కలై పోయి రావడానికి ఆలస్యమవుతుంది, అందుకే వినపడుతుంది. గేట్‌వేలో లైను నిరోధాన్ని మన పెట్టెకు సరిపడేలా మార్చి, ఎకో తగ్గించేదాన్ని నడిపించి, ధ్వని రెండు మెట్లు తగ్గించాము. పూర్తిగా పోలేదు, ఇబ్బంది మాత్రం పోయింది.

ఇవన్నీ యంత్రం సంగతులు. మమ్మల్ని నిద్ర పోనివ్వనిది ఇంకొకటి.

ఎక్స్‌టెన్షన్ నంబర్లు 101 నుంచి 132 దాకా ఉన్నాయి. జతలు వెతుకుతూ జాబితా రాసుకుంటుంటే కనిపించింది: 108 నంబరు వంటశాల పక్కన సరుకుల గదిది. బాలికల బ్లాకు నుంచి ఎవరైనా 108 నొక్కితే అంబులెన్సుకు పోదు. తాళం వేసిన సరుకుల గదిలో బియ్యం బస్తాల మధ్య ఫోను మోగుతుంది. వాచ్‌మన్ తాతను అడిగితే చెప్పాడు. రెండేళ్ళ కిందట ఒక రాత్రి ఒక పాపకు ఫిట్స్ వస్తే పిల్లలు అట్లే 108 నొక్కారంట. సరుకుల గదిలో ఫోను మోగి మోగి ఆగిపోతే, ఈ వేళప్పుడు ఇక్కడికి ఎవరు చేస్తున్నారబ్బా అనుకున్నాడంట తాత. చివరికి ఒక పిల్ల పరుగెత్తుకుంటూ గేటు దగ్గరికి వచ్చింది. పాప బతికింది. ఆ విషయం అంతటితో అందరూ మరిచిపోయారు.

మన రాష్ట్రంలో 108 అంబులెన్సులు 2005 ఆగస్టు 15న మొదలయ్యాయి. పెట్టె అంతకు ముందుదో, నంబర్లు వేసినవారికి తట్టలేదో మాకు తెలియదు. ఎవరినీ అనడం మా ఉద్దేశం కాదు. ఫోను ఉండటం వేరు, ఆ ఫోను ఆపదలో పనికిరావడం వేరు. ఆ తేడా ఎవరో ఒకరు వెతికితేనే కనిపిస్తుంది.

ఎక్స్‌టెన్షన్లన్నీ 301 నుంచి 332 దాకా మార్చాము. బ్లాకుల ఫోన్ల నుంచి బయటి కాల్స్‌కు తాళం ఉంది. అది అట్లే ఉంచి 108, 112, 100 మాత్రం ఏ ఫోను నుంచైనా, ముందు సున్నా కొట్టకుండానే పోయేలా పెట్టెలోని అత్యవసర నంబర్ల పట్టికలో రాశాము. గేట్‌వేలో ఇంకో చిక్కు ఉంది. అంకెలు అయిపోయాయో లేదో తెలియక అది కొన్ని సెకన్లు ఆగి చూస్తుంది. ఇలాంటి వేళ ఆ సెకన్లు చాలా పెద్దవి. ఈ మూడు నంబర్లు వినగానే వెంటనే పంపు, మిగతా వాటికి పూర్తి అంకెలు లెక్కించు అని నియమం రాశాము. ల్యాండ్‌లైన్ నుంచి సెల్‌కు చేస్తే ముందు సున్నా కొట్టాలన్నది 2021 జనవరి 15 నుంచి దేశమంతా ఉన్న నియమం కాబట్టి ఆ కాల్స్‌కు 11 అంకెలు. అంబులెన్సువారి సమయం వృథా కాకూడదని 108కి ఒక్కసారే చేసి, ఇది పరీక్ష అని చెప్పి లైను వదిలేశాము. రెండో గంటకే అవతల గొంతు పలికింది. బాలికల బ్లాకు ఫోను పక్కన నిలబడి ఆ గొంతు విన్నప్పుడు మాకు కలిగిన తృప్తి మార్కుల జాబితా చూసినప్పుడు కూడా కలగలేదు.

ఆఖరి సమస్య కరెంటు. రాగి తీగలో కరెంటు ఎక్స్ఛేంజీ బ్యాటరీల నుంచి వచ్చేది. ఊరంతా చీకటైనా ఫోను పలికేది. పైగా పాత పెట్టెలో ఒక మంచి గుణం ఉంది. తనకు కరెంటు పోగానే ఒక ట్రంకును నేరుగా వాచ్‌మన్ గది ఫోనుకు కలిపేస్తుంది. ఫైబర్ గాజు తీగ. వెలుగును మోస్తుంది గానీ కరెంటు మోయదు. ఇంట్లో కరెంటు పోతే ఫైబర్ పెట్టె, గేట్‌వే, వాటితోపాటు ఫోను, అన్నీ పోతాయి. కొత్తది పాతదానికంటే అన్ని విధాలా మేలని అనుకునేవాళ్ళు ఈ ఒక్క సంగతి గుర్తుంచుకోవాలి.

లెక్క వేశాము. ఫైబర్ పెట్టె, స్విచ్చి, గేట్‌వే కలిపి సుమారు 30 వాట్లు. ఈపీఏబీఎక్స్ 40 వాట్లు. మొత్తం 70. కంప్యూటర్ గదిలో 150 ఆంపియర్ అవర్ల 12 వోల్టుల ట్యూబులర్ బ్యాటరీ ఒకటి ఇన్వర్టర్‌కు ఉంది. 1800 వాట్ అవర్లు. సగమే లెక్కలోకి తీసుకున్నా 12 గంటలు దాటుతుంది. అంటే ఒక రాత్రి. కంప్యూటర్లను ఆ ఇన్వర్టర్ నుంచి తీసేసి ఫోన్లకు ఇవ్వండి అని అడిగాము. కొంత చర్చ జరిగింది. చివరికి ఒప్పుకున్నారు.

పిడుగుల కోసం ఎర్తింగ్ కూడా చూడాల్సి వచ్చింది. బ్లాకులకు పోయే తీగలు ఇంకా గాలిలోనే ఉన్నాయి. ఎర్త్ గుంత మన ఎర్రనేలలో ఎండి రాయిలా ఉంది. ఎండిన నేల కరెంటును తీసుకోదు. ఉప్పు, బొగ్గు కొత్తగా వేశాము. రోజూ నీళ్ళు పొయ్యాలి అంటే అందరూ మా మొహం చూశారు. తాగడానికే ట్యాంకర్ వచ్చే చోట గుంతకు నీళ్ళా? నీళ్ళు శుద్ధి చేసే యంత్రం వదిలేసే నీళ్ళ పైపును గుంత వైపు తిప్పాము. ఏ పుస్తకంలోనూ ఈ ఉపాయం లేదు, కరువు నేర్పింది.

పదిహేడో రోజుకు అంతా పలికింది. ఒకటి మాత్రం చేయలేకపోయాము. ఎవరు చేస్తున్నారో నంబరు కనిపించే వసతి ఆ పెట్టెకు లేదు. దానికి వేరే కార్డు కావాలి, ఇప్పుడు అది దొరకడం లేదు. అందుకని ఆఫీసు అమ్మ ఒక లావు నోటు పుస్తకం పెట్టి వచ్చిన ప్రతి కాల్‌నూ చేత్తో రాస్తోంది. బడి తెరిచిన మొదటి ఆదివారం సాయంత్రం ఆరు నుంచి ఎనిమిది దాకా మేము అక్కడే ఉన్నాము. 41 కాల్స్ రాసింది. బెంగుళూరు, బళ్ళారి, ధర్మవరం, ఇంకా ఎక్కడెక్కడి నుంచో. ఒకాయన "నెలన్నర నుంచి చేస్తా ఉన్నా, నా బిడ్డకు ఏమైందోనని" అని ఆగిపోయాడు. ఆ అమ్మే సముదాయించి పాపను పిలిపించింది.

చదువుకునే తమ్ముళ్ళకు, చెల్లెళ్ళకు ఈ పనిలో మాకు తెలిసిన నాలుగు మాటలు చెప్పి ముగిస్తాము.

టెలిఫోన్ల చరిత్ర మనలాంటి చోట్ల కోసం ఆలోచించినవాళ్ళతో ముందుకు పోయింది. 1984లో ఏర్పడిన సీ-డాట్ సంస్థ 128 లైన్ల గ్రామీణ ఎక్స్ఛేంజీని ఏసీ గది అక్కర్లేకుండా, మన ఎండకూ దుమ్ముకూ తట్టుకునేలా తయారు చేసింది. 1986లో కర్ణాటకలోని కిత్తూరులో అది మొదలైంది. ఎక్కడిదో యంత్రం తెచ్చి మనల్ని దానికి సరిపెట్టుకోమనకుండా మన నేలకు సరిపడే యంత్రం చేశారు. మీరు ఇంజనీర్లయితే అలాంటి పని చెయ్యండి.

పాతదని దేన్నీ పారెయ్యకండి. కొత్తదని దేన్నీ నమ్మెయ్యకండి. రెంటినీ మీటరు పెట్టి అడగండి. లైన్‌మన్ మామ లాంటివాళ్ళు మన ఊళ్ళల్లో చాలామంది ఉన్నారు. వాళ్ళకు డిగ్రీలు లేవు. వాళ్ళ దగ్గర కూర్చుని నేర్చుకోవడానికి మన డిగ్రీ అడ్డు రాకూడదు. మొదటి పట్టా మనది కావచ్చు గానీ, ఇంట్లో మొదటి తెలివి మనది కాదు.

మరొక్క మాట. మీ హాస్టల్లో ఏ ఫోనున్నా సరే, రేపు పొద్దున ఒకసారి చూడండి. రాత్రిపూట అది ఎవరి చేతికి అందుతుంది? కరెంటు పోతే పలుకుతుందా? అత్యవసర నంబరు నొక్కితే నిజంగా ఎక్కడికి పోతుంది? తెలియకపోతే వార్డెన్ సార్‌ను మర్యాదగా అడగండి. అడగడం తప్పు కాదు. అడగడానికే మనల్ని బడికి పంపింది.

ఈ ఆదివారం ఇంటికి ఫోన్ చెయ్యడం మరవకండి.